కిరసనాయిలు రాకుమారుడు

పుస్తకం రాసిన మనిషిని పట్టుకుని, "మీ పుస్తకం మీకే సరిగ్గా తెలీదు" అని నిండు సభలో గద్దించిన ఆడది మా చుట్టుపక్కల ఒక్కతే ఉంది. ఆ ఒక్కతీ నేనే. పేరు రెడ్డెమ్మ, ఊరు నిమ్మనపల్లె దగ్గర. ఆ ఘనకార్యం ఎట్లా జరిగిందో, పరువు ఎంత దూరం కొట్టుకుపోయిందో దాచకుండా చెబుతాను. నవ్వేవాళ్ళు మొహమాటపడొద్దు. నేనూ మీతో కలిసి నవ్వుతాను.

ముందు నా చదువు సంగతి చెప్పాలి, నేరమంతా దానిదే కాబట్టి. నాకు నలభై ఒకటో ఏట అక్షరం వచ్చింది. తొంభైల మొదట్లో మా ఊళ్ళో పెద్దవాళ్ళకు సాయంత్రం బడి పెట్టారు. చెనక్కాయలు ఒలిచిన చేతులతో బలపం పట్టుకున్నాను. మొదటి నెలలో నేను విరగ్గొట్టిన బలపాలతో మడికి గట్టు వేయొచ్చు. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమంటాడట. నలభై దాటినాక అక్షరం వచ్చిన ఆడది అంతకన్నా అన్యాయం. బస్సు బోర్డు, ఎరువుల మూట మీది హెచ్చరిక, పెండ్లి పత్రిక అడుగున ప్రెస్సు పేరు, దేన్నీ వదల్లేదు. దాంతోపాటు ఇంకో జబ్బు అంటుకుంది. అచ్చులో ఉన్నదంతా నిజమని నమ్మేదాన్ని. నోటితో ఎవడైనా అబద్ధమాడతాడు. ఒక్కొక్క సీసపు అక్షరం ఏరి, పేర్చి, సిరా పూసి, కాగితం మీద ఒత్తి మరీ అబద్ధమాడతాడా? అంత ఓపిక ఉన్నవాడికి అబద్ధంతో పనేముంది?

ఆ రోజుల్లో టమోటాలు వేసుకుని మదనపల్లె మార్కెట్టుకు వచ్చేవాళ్ళం. వేలంపాట అయిపోయాక మా ఆయన విత్తనాల అంగళ్ళు తిరిగేవాడు. నేను బస్సు వచ్చేదాకా శెట్టి అంగడిలో కూర్చునేదాన్ని. శెట్టిది అద్దె పుస్తకాల అంగడి. గోడల నిండా అట్టలు ఊడిన పుస్తకాలు, మధ్యలో అట్ట ఊడిన పుస్తకం లాంటి శెట్టి.

"కూర్చుంటే కూర్చో రెడ్డెమ్మక్కా, ఊరికే యాల కూర్చుంటావు? ఇది సదువు" అని ఒకనాడు నా ఒళ్ళో ఒక పుస్తకం పడేశాడు. నీలకేతు రాసిన జానపద నవల. మాంత్రికులు, మాట్లాడే చిలకలు, గాలిలో తేలే కోటలు. నాకు నచ్చకపోవడమేమిటి, ఆ పూట రెండు బస్సులు పోగొట్టుకున్నాను.

నీలకేతు అంటే అందరికీ 'రాతిరెక్కల గుర్రం' తెలుసు. దాన్ని చదవని ఇల్లు లేదు. అయితే ఆయన ఇంకో డజను నవలలు రాశాడు. అవి అచ్చయిన సంగతి అచ్చువేసినవాడికి తప్ప ఎవరికీ తెలీదు. శెట్టి లాంటి కొందరు పిచ్చివాళ్ళకు ఆ డజనే ప్రాణం. మదనపల్లెలో పదిమంది, పుంగనూరులో పదిమంది, కుప్పంలో ఇంకో పదిమంది ఉండేవాళ్ళు. మూడు నెలలకోసారి ఒక ఊళ్ళో చేరి ఒక ఆట ఆడేవాళ్ళు. దాని పేరు ముడి ఆట.

ఆట ఇట్లా ఉంటుంది. ఒకరు లేచి నీలకేతు పుస్తకంలోంచి ఒక మాట చెబుతారు. అది ముడి వేయడం. ఎదుటి ఊరివాళ్ళు దాన్ని విప్పాలి. ఏ పుస్తకం? ఎవరు అన్నారు? ఎవరితో? ఎందుకు? నాలుగూ చెబితే విప్పినట్టు. ఎవరూ విప్పలేకపోతే ముడి వేసినవాళ్ళకే గెలుపు. 'రాతిరెక్కల గుర్రం' లోంచి ముడి వేస్తే తలుపవతలికి తరిమేవాళ్ళు. ఇంకొక కట్టుబాటు ఉంది, అదే నా కొంప ముంచింది. "ఏదీ, పుస్తకం తెరిచి చూపించు" అని ఎవరూ అడగకూడదు. అట్లా అడగడమంటే ఎదుటి మనిషిని దొంగ అన్నట్టే.

నా ఆయుధం 'ఏడు తలుపుల బిలం'. ఆ పుస్తకం మూడు ఊళ్ళలో కలిపి శెట్టి దగ్గర ఒక్కటే ఉంది. పుంగనూరులో ఒక బైండరు కుట్టి అమ్మిన ప్రతి. అందులో జయంతుడనే రాకుమారుడు మాంత్రికుణ్ణి వెతుక్కుంటూ బిలంలోకి దిగుతాడు. ఆరు తలుపులు దాటుతాడు. తొంభై ఆరో పుట చివర, "జయంతుడు ఏడవ తలుపు తోసి లోపలికి అడుగుపెట్టగానే" అని ఉంటుంది. పుట తిప్పితే తొంభై ఏడు. "చీకటిగా ఉంది. జనార్దనం కిరసనాయిలు డబ్బాను కాలితో తట్టి చూశాడు. ఖాళీ."

అక్కడి నుంచి రాకుమారుడు లేడు. జనార్దనం అనే గుమస్తా ఉన్నాడు. అద్దె ఇల్లు, పొగచూరిన గోడ, ఒక పెండ్లాం, రేషను లైను.

మీరైతే ఏమనుకునేవాళ్ళో నాకు తెలీదు. మాయల పుస్తకంలో రాకుమారుడు చిలకైతే నమ్మినదాన్ని, తాబేలైతే నమ్మినదాన్ని, గుమస్తా అయితే నమ్మనా? మాంత్రికుడి శాపం! రూపం మార్చాడు, పేరు మార్చాడు, చేతిలో కిరసనాయిలు డబ్బా పెట్టి లైనులో నిలబెట్టాడు. చిలకను చేస్తే జామకాయలైనా తినేవాడు. అంత క్రూరమైన మాంత్రికుణ్ణి నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

పైగా సాక్ష్యాలన్నీ సరిపోయాయి. ఆ జనార్దనం ఆఫీసు నుంచి వచ్చి దీపం ముందు కూర్చుని రాజుల కథలు రాసుకుంటూ ఉంటాడు. పోయిన రాజ్యం లీలగా గుర్తుకొస్తోందన్నమాట! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెండ్లాం వంటింట్లోంచి ఒకనాడు అంటుంది: "రాజ్యాలు తర్వాత గెలుద్దురుగానీ, ముందు డబ్బాలో కిరసనాయిలు ఉందో లేదో చూడండి." అయ్యో తల్లీ, ఆయన నిజంగానే రాజమ్మా, నీకు తెలీదు అని ఆ పుట మీద చెయ్యి పెట్టి చెప్పుకున్నాను.

కానీ చివరి పుటలు లేవు. ఎవరో చించుకుపోయారు. శాపవిమోచనం అయిందో లేదో తెలీకుండా పదకొండుసార్లు చదివాను. పన్నెండోసారికైనా పుటలు మొలుస్తాయేమోనన్నట్టు.

పుంగనూరు జట్టుకు పెద్ద చలపతయ్య సారు. బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. ఆయన గొంతు సవరించుకుంటే ఇప్పటికీ ఎవరో ఒకరు లేచి నిలబడతారు. నన్ను మొదటిసారి ఆటలో చూసి శెట్టితో అన్నాడు:

"ఏమప్పా శెట్టీ, మీకు మనుషులు దొరకలేదా? ఈయమ్మ మొన్నమొన్న గదా అ ఆలు దిద్దింది!"

"మొన్ననే దిద్దినా సారూ" అన్నాను, "అందుకే ఇంకా తడి ఆరలేదు. మీరు దిద్ది శానా కాలమయింది, సూసుకోండి, ఎండిపోయింటాది."

అని లేచి, కుప్పంవాళ్ళు రాని ఆ పూట, పుంగనూరువాళ్ళకు ముడి వేశాను. రాజ్యాలు తర్వాత గెలుద్దురుగానీ, ముందు డబ్బాలో కిరసనాయిలు.

ఒకాయన పైకప్పు చూశాడు. ఒకాయన కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడు. నాలుగు వందల అడుగులు వేసినా దుమ్ము తప్ప తడి తగలని బోరులాగా ఒక్కరి నోట్లోంచి ముక్క రాలేదు. నేను విప్పి చెప్పాను. 'ఏడు తలుపుల బిలం', జయంతుడి భార్య, జయంతుడితో, ఆయన శాపం తగిలి గుమస్తా అయ్యాడు కనుక.

ఇక్కడ చలపతయ్య సారు చేసిన పని చూడండి. చదవలేదని ఒప్పుకోవచ్చు కదా? తల నెమ్మదిగా ఊపి, "ఆ... ఆ గుమస్తా ఘట్టమా! నాలుక మీదే ఉండాది, జారిపోయింది. ఎంత లోతమ్మా ఆ ఘట్టం!" అన్నాడు. ఆయన ఒప్పుకున్నాక మిగతావాళ్ళు ఊరుకుంటారా? "లోతు, లోతు" అని అందరూ తలలూపారు. మరుసటి ఆటకు ఆయన ఏకంగా పావుగంట ఉపన్యాసమిచ్చాడు, నీలకేతు మాయను వదిలి మనుషుల్లోకి నడిచొచ్చిన ఘట్టమని. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు మతి పోలేదు, భయం పోయింది. నాలుగేళ్ళపాటు తొంభై ఏడో పుట తర్వాతి మాటలతో ముడి మీద ముడి వేసి, మూడు ఊళ్ళను కట్టి పడేశాను. నాకు ముడుల రెడ్డెమ్మ అని పేరు పడింది. మా ఊళ్ళో సాయంత్రం బడి ఆడవాళ్ళు ఆ పేరు చెప్పుకుని రొమ్ము విరుచుకునేవాళ్ళు.

రెండువేల సంవత్సరం దాటాక కుప్పంవాళ్ళ నుంచి శెట్టికి ఉత్తరం వచ్చింది. నీలకేతు బతికే ఉన్నాడట! గుడుపల్లె వైపు కూతురింట్లో ఉన్నాడని కనిపెట్టారు. ఆయన ముందరే మూడు ఊళ్ళ ఆట. గెలిచినవాళ్ళకు ఆయన ఇంట్లో మిగిలిన పాత ప్రతి, ఒక్క పుట చిరగని 'ఏడు తలుపుల బిలం', సంతకం పెట్టి ఇస్తాడు.

నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. శాపవిమోచనం! నాలుగేళ్ళుగా లైనులో నిలబడ్డ నా రాకుమారుడు కిరసనాయిలు డబ్బా పారేసి కిరీటం పెట్టుకుంటాడా లేదా, తేలిపోతుంది.

"ఏమే, ఎవరో గుమస్తా కోసరం కుప్పం దాకా పోతావా?" అన్నాడు మా ఆయన.

"గుమస్తా కాదప్పా, రాకుమారుడు. నీకు సెప్తే అర్థం కాదు."

"నాకు అర్థమయ్యేదేమంటే మడికి నీళ్ళు కట్టాల" అని ఆయన గొడ్లకొట్టం వైపు వెళ్ళాడు.

పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సు. దారి పొడుగునా శెట్టి నాకు జాగ్రత్తలు చెబుతూనే ఉన్నాడు. "అక్కా, ఆయన పెద్దమనిషి. నువ్వు నోరు కొంచిం అదుపులో పెట్టుకోవాల." పెట్టుకుంటానని మాటిచ్చాను. పలమనేరు వరకు నిలబెట్టుకున్నాను కూడా. సంచిలో శెట్టి అంగడిలోని 'బిలం' ప్రతి పెట్టుకున్నాను, ఎందుకో మనసు దాన్ని ఇంటి దగ్గర వదలలేదు.

కుప్పంలో కల్యాణమంటపం నిండింది. సగంమంది అరవం కలిపిన తెలుగు, పావుమంది కన్నడం కలిపిన తెలుగు. నీలకేతు వేదిక మీద కుర్చీలో ఉన్నాడు, దబ్బపండు లాంటి ముసలాయన. నేను మాంత్రికుడి గడ్డం ఊహించుకున్నాను, ఆయనకు మీసం కూడా లేదు. ఆయన భార్య సుగుణమ్మ మొదటి వరుసలో చెంగు కప్పుకుని కూర్చుని ఉంది.

ఆట బిగువుగా నడిచింది. పుంగనూరు వెనకబడిపోయింది. మదనపల్లె, కుప్పం సమానం. ఆఖరి ముడి నాది. విప్పలేకపోతే పుస్తకం మాది. శెట్టి నా చెవిలో, "కిరసనాయిలు వెయ్యక్కా, కిరసనాయిలు" అన్నాడు. కుప్పంవాళ్ళకు ఆ ముడి నేనెప్పుడూ వేయలేదు, దాచిపెట్టాను. లేచి కొంగు బిగించి వేశాను.

కుప్పంవాళ్ళు నీళ్ళు నమిలారు. నేను గెలిచినట్టే నవ్వబోతుంటే వేదిక మీంచి నీలకేతు చెయ్యి ఎత్తాడు.

"అమ్మా, ఈ మాట నాది కాదు."

"మీదేనయ్యా" అన్నాను.

"కాదమ్మా. నా రాకుమారులెవరూ కిరసనాయిలు జోలికి పోలేదు."

"పోయినాడయ్యా. లైన్లో కూడా నిలబడినాడు. తొంభై ఏడో పుట నుంచి సూడండి."

సభలో గుసగుస. శెట్టి నా కొంగు పట్టుకుని లాగాడు. లాగితే ఆగే రకమా నేను?

"రాసింది నేను కదమ్మా!" అన్నాడు ఆయన, నవ్వుతూనే.

"రాసింది మీరే. సదివింది నేను. మీరు ఒక తూరి రాసినారు, నేను పదకొండు తూర్లు సదివినా. ఇద్దర్లో ఎవరికి ఎక్కువ తెలిసుంటాది? వయసుకు మరుపు వస్తాదయ్యా, సిగ్గుపడే పని లేదు. మా మామ ఆఖర్లో నన్ను సూసి 'ఈయమ్మ ఎవురు' అని అడిగేవాడు. అంత మాత్రాన నేను ఆయన కోడలు కాకుండా పోయినానా? మీ పుస్తకం మీకే సరిగ్గా తెలీదు!"

అప్పుడు చలపతయ్య సారు లేచాడు. పాపం, ఆయన మేలే చేయబోయాడు.

"అయ్యా, నేనూ చదివినాను. గుమస్తా ఘట్టం మీ రచనలన్నింటికీ శిఖరం."

"మీరు కూడానా!" అని నీలకేతు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

నేను సంచిలోంచి పుస్తకం తీసి వేదిక ఎక్కాను. పుస్తకం తెరిచి చూపించే దాకా ఆట పోకూడదన్న కట్టుబాటును ఇంతవరకూ ఎవరూ తప్పలేదు, ఆ రికార్డు కూడా నాదే. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని తొంభై ఆరో పుట చదివాడు. తల ఊపాడు. పుట తిప్పాడు. తల ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి తిప్పాడు. కుట్టు దగ్గర వేలుపెట్టి చూశాడు.

"సుగుణా" అన్నాడు మెల్లగా, "ఒకసారి ఇట్లా రా."

ఆమె వచ్చి పుస్తకం చేతిలోకి తీసుకుంది. ఒక్క వాక్యం చూసింది, అంతే. తర్వాత పుస్తకం మూసేసి, చూడకుండానే తర్వాతి నాలుగు వాక్యాలు చెప్పింది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. పదకొండుసార్లు చదివిన నాకే అట్లా రాదు.

అప్పుడు ఆ తల్లి మొగుడి వైపు తిరిగింది. "ఇంతసేపూ అందర్నీ ముడులు ఇప్పమని కూర్చున్నారు గదా. ఇది మీరు ఇప్పండి. ఏ పుస్తకం? ఎవరన్నారు? ఎవరితో? యాల?"

ఆయన కుప్పంవాళ్ళ కన్నా ఎక్కువ నీళ్ళు నమిలాడు.

"రాలేదా? నేను సెప్తా. పుస్తకం 'చిమ్నీ మసి'. అన్నది మీ పెండ్లాం. అన్నది మీతోనే. యాలంటే, ఇంట్లో కిరసనాయిలు లేకపోయె!"

విషయం ఏమిటంటే, నీలకేతు నవలలన్నీ సాపు చేసి రాసింది ఆమే. రాసీ రాసీ ఒకనాడు తను కూడా ఒకటి రాసింది. ఇంటి సంగతే. మొగుడు దాన్ని తన 'బిలం'తోపాటు ఒకే ప్రెస్సులో, ఒకే సైజులో అచ్చువేయించి, చదవకుండానే "బాగుంది" అన్నాడు. రెండూ అమ్ముడుపోలేదు. మిగిలిన ఫారాలను, అంటే పదహారేసి పుటల అచ్చుకాగితాలను, ప్రెస్సువాళ్ళు కట్టలుగా పుంగనూరు బైండరుకు ఇచ్చేశారు. ఆ బైండరు దేవుడిలాంటి మనిషి, ఎవరి పుస్తకమని తేడా చూడకుండా నీలకేతు ఫారాలు ఆరు ముందు పెట్టి, ఏడో దాని నుంచి ఆమె ఫారాలు వెనక పెట్టి కుట్టేశాడు. తొంభై ఆరు తర్వాత తొంభై ఏడు వచ్చింది కదా, ఇంకేం కావాలి? దాంతో బిలంలోకి దిగిన ఆయన రాకుమారుడు తిన్నగా ఆమె వంటింట్లో తేలాడు.

సుగుణమ్మ సభ వైపు తిరిగి అడిగింది. "ఈ బుక్కు సదివినామన్నారే, ఎవరెవరు సదివినారు?"

నాలుగేళ్ళు "లోతు, లోతు" అని ఊగిన తలలన్నీ కంకులు వంగినట్టు వంగాయి. చలపతయ్య సారుకు సరిగ్గా అప్పుడే చెప్పు వారు తెగినట్టు అనుమానం వచ్చింది, వంగి చాలాసేపు వెతుక్కున్నాడు.

నేనొక్కదాన్నే చెయ్యి ఎత్తాను. ఇంకేం పరువు మిగిలిందని దాచుకోను? "నేను సదివినానమ్మా. పదకొండు తూర్లు. అయితే ఆయన్ని రాకుమారుడనుకున్నా."

ఆమె నవ్విన నవ్వుకు మంటపం మొత్తం వంత పాడింది. మొగుడు కూడా నవ్వాడు, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ. నేను మాత్రం నవ్వలేదు, అసలు సంగతి తేలలేదు కదా.

"అమ్మా, మా బుక్కులో ఆఖరు పుటలు లేవు. ఆయనకు శాపం పోతాదా పోదా?"

"శాపమా!" అంది ఆమె. "ఆఖర్లో ఒకనాడు ఆయన రాసే పని పక్కన పెట్టి, ఎవరూ అడక్కుండానే చిమ్నీకి పట్టిన మసి తుడిచి దీపం ఎలిగిస్తాడమ్మా. అంతే. అయిపోతాది."

"అయితే పోయినట్టే గదా!" అన్నాను. నాకు గుండెల మీంచి టమోటా బుట్ట దించినట్టయింది.

"అది మాత్రం కల్పన" అంది ఆమె, మొగుడి వైపు చూసి.

నా ముడి చెల్లదన్నారు. బహుమతి కుప్పంవాళ్ళు పట్టుకుపోయారు. శెట్టి నావైపు చూడకుండా చిత్రాన్నం తింటూ కూర్చున్నాడు. అప్పుడు నీలకేతు వేదిక దిగి మా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఆ పుస్తకం నాకు రెండు రోజులు ఇస్తారా? చదివి పంపిస్తాను."

"నాది కాదయ్యా, అద్దె పుస్తకం. శెట్టిని అడగండి."

శెట్టి చెయ్యి కడుక్కొచ్చి, నీలకేతు పేరు అంగడి నోటు పుస్తకంలో రాసుకుని, తన దేవుడికి తనే వరమిచ్చినంత గంభీరంగా అన్నాడు: "తీసుకోండి స్వామీ. పుటలు మాత్రం మడవద్దండి."

అదీ నా ఘోరం. ఓడిపోయి వచ్చాను, మూడు ఊళ్ళ ముందర నవ్వులపాలయ్యాను. కానీ బస్సు దిగి ఊళ్ళోకి నడిచేటప్పుడు తల ఎక్కడా వంగలేదు. ఎందుకు వంగాలి? ఒక ఆడమనిషి రాసిన పుస్తకాన్ని ఆమె మొగుడు చదవలేదు, మూడు ఊళ్ళ పండితులు చదవలేదు. నలభై ఒకటో ఏట బలపం పట్టిన రెడ్డెమ్మ చదివింది. పదకొండుసార్లు చదివి, రాసినామె మొగుడి చేత కూడా చదివించింది. సుగుణమ్మ నెల తిరక్కుండా 'చిమ్నీ మసి' ప్రతి ఒకటి నాకు పంపింది. మొదటి పుటలో "నా మొదటి పాఠకురాలికి" అని రాసింది. నేను చూడని ముందరి సగం అప్పుడు చదివాను. జనార్దనం పుట్టుక నుంచీ గుమస్తానేనట. ఆ ఒక్క సంగతిలో ఆమెతో నాకు ఇప్పటికీ కుదరదు. నా లెక్కలో ఆయన రాకుమారుడే.

మా ఆయన అడిగాడు, "ఏమైందే, ఆ గుమస్తా కత?"

"ఆఖర్లో చిమ్నీ తుడిచినాడు" అన్నాను.

"దానికోసరం కుప్పం దాకా పోవాల్నా?" అన్నాడు. రెండు రోజుల తర్వాత కరెంటు పోయినప్పుడు, నేను చూడటం లేదనుకుని, పంచె కొసతో లాంతరు గాజు తుడుస్తూ దొరికిపోయాడు.

ఇక నా ప్రమాణం. ఈ కుడిచేతిలోని బలపం సాక్షిగా చెబుతున్నాను. ఇకమీదట ఏ పుస్తకమైనా కుట్టు దగ్గర వేలుపెట్టి చూడనిదే చదవను. అచ్చులో ఉందని నమ్మను. పుస్తకం రాసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా ఆయన పుస్తకం గురించి ఆయనతోనే వాదానికి దిగను, దిగను, దిగను.

ఆయన పెండ్లాం పక్కనుంటే తప్ప.